అమెరికాలో ఎమ్మెస్: మొదటి ప్రోగ్రామింగ్ కోర్సు రూల్స్ పట్టుకోవడం ఎలా

ఆగస్టులో క్లాసులు మొదలవగానే ప్రతి కోర్సుకూ కాన్వాస్ అనే కోర్సుల వెబ్‌సైట్‌లోనో, కోర్సు పేజీలోనో ఒక సిలబస్ పెడతారు. అందులో పాఠాల జాబితా ఒక పేజీ ఉంటుంది. మిగతా పేజీలన్నీ రూల్సే: మార్కులు ఎలా వేస్తారు, ఆలస్యమైతే ఎంత కోస్తారు, తోటివాళ్ళతో ఎంతవరకు మాట్లాడొచ్చు, ఏఐ వాడొచ్చా వద్దా. మన దగ్గర ఇలాంటివి యూనివర్సిటీ రెగ్యులేషన్లలో ఉంటాయి, అన్ని సబ్జెక్టులకూ దాదాపు ఒకటే. అక్కడ ఎవరి కోర్సుకు వాళ్ళే రాసుకుంటారు. ఒకే సెమిస్టర్‌లో మీరు తీసుకున్న మూడు కోర్సులకూ మూడు రకాల రూల్స్ ఉండొచ్చు. ఒక చోట ఫర్వాలేదన్న పని ఇంకో చోట ఎఫ్ గ్రేడ్ దాకా తీసుకెళ్తుంది. మనవాళ్ళలో కోడింగ్ బాగా వచ్చినవాళ్ళు కూడా మొదటి సెమిస్టర్‌లో దెబ్బతినేది ఇక్కడే. కాబట్టి మొదటి అసైన్‌మెంట్ కన్నా ముందు ఈ కాగితం పని పట్టండి.

మొదటి వారం: సిలబస్ మీద పెన్ను పెట్టండి

ప్రింట్ తీసుకుని పూర్తిగా ఒకసారి చదవండి. రెండోసారి చదివేటప్పుడు ఆరు విషయాల కింద గీతలు గీయండి: మార్కుల వాటాలు, లేట్ పాలసీ, కొలాబరేషన్ పాలసీ, ఏఐ పాలసీ, రీగ్రేడ్ (మళ్ళీ దిద్దమని అడగడం) గడువు, ఫైనల్ పరీక్ష తేదీ. వీటిలో ఏది కనిపించకపోయినా, ఏది అర్థం కాకపోయినా మొదటి వారంలోనే అడిగేయండి. పదో వారంలో అడిగితే అది సాకులా వినిపిస్తుంది.

మార్కుల వాటాల దగ్గర ఒక చిన్న వాక్యం కోసం వెతకండి. అసైన్‌మెంట్లలో ఎన్ని మార్కులొచ్చినా పరీక్షల సగటు ఫలానా శాతం దాటకపోతే కోర్సు పాస్ కారని కొన్ని కోర్సుల్లో రాసి ఉంటుంది. అలా ఉందంటే ఆ కోర్సులో పేపర్ మీద కోడ్ రాయడం రావాలి. అసైన్‌మెంట్లను నెట్టుకొచ్చేస్తే సరిపోదు.

ఫైనల్ తేదీ చూడకుండా డిసెంబర్‌లో ఇంటికి టికెట్ కొనకండి. ఫైనల్స్ షెడ్యూల్‌ను యూనివర్సిటీ ముందే ప్రకటిస్తుంది. “అప్పటికే టికెట్ బుక్ చేశాను” అన్నది చాలా కోర్సుల్లో చెల్లని కారణం, కొన్ని సిలబస్‌లలో ఆ మాట అచ్చంగా రాసే ఉంటుంది. అక్క పెళ్ళి ముహూర్తమైనా ఇంతే. తేదీ కుదరదని సెప్టెంబర్‌లోనే తెలిస్తే అప్పుడే ప్రొఫెసర్‌కి రాయండి. ముందుగా అడిగినప్పుడే ఏదైనా దారి దొరికే అవకాశం ఉంటుంది.

తర్వాత గంటల లెక్క వేయండి. ఫెడరల్ నిర్వచనం ప్రకారం ఒక క్రెడిట్ అంటే దాదాపు 15 వారాల పాటు వారానికి ఒక గంట క్లాసు, దానికి తోడు కనీసం రెండు గంటల సొంత పని. మూడు క్రెడిట్ల కోర్సు అంటే వారానికి 9 గంటలు. మూడు కోర్సులు తీసుకుంటే 27 గంటలు. క్లాసులు జరిగే రోజుల్లో ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద క్యాంపస్ ఉద్యోగం వారానికి 20 గంటలు మించకూడదు. ఆ 20 గంటలూ చేస్తే మొత్తం 47 అయింది. ఇంకా వంట, బట్టలు, బస్సు ప్రయాణం ఉన్నాయి. పైగా 9 గంటలన్నది కనీసం మాత్రమే. ఆపరేటింగ్ సిస్టమ్స్, కంపైలర్స్ లాంటివి అసైన్‌మెంట్ వారాల్లో దాన్ని తేలిగ్గా దాటేస్తాయి. మొదటి సెమిస్టర్‌లో అలాంటివి రెండు కలిపి తీసుకోకపోవడమే మంచిది.

అసైన్‌మెంట్ వచ్చిన రోజే చేయాల్సినవి

అసైన్‌మెంట్‌కి రెండు వారాలు గడువిచ్చారంటే అది రెండు వారాల పనే అనుకోండి. వచ్చిన రోజు ఒక గంట కూర్చుని మూడు పనులు చేయండి. ప్రశ్న మొత్తం చదవండి. వాళ్ళిచ్చిన స్టార్టర్ కోడ్ దించుకుని, మీ మెషీన్‌లో కాకుండా యూనివర్సిటీ లినక్స్ సర్వర్‌లో నడిపి చూడండి. చివరగా, ఏమీ రాయని ఆ స్టార్టర్ కోడ్‌నే అలాగే గ్రేడ్‌స్కోప్‌లో (అసైన్‌మెంట్లు సబ్మిట్ చేసే, దిద్దే వెబ్‌సైట్) సబ్మిట్ చేయండి. సున్నా వస్తుంది, రావాల్సిందే. దాంతో ఫైల్ పేరు సరిపోయిందో లేదో, కంపైల్ అవుతోందో లేదో, టెస్టులు ఎన్ని ఉన్నాయో ఆ రోజే తెలిసిపోతాయి. సబ్మిషన్ల సంఖ్యకు పరిమితి ఉందేమో మాత్రం ముందు చూసుకోండి. రోజుకి ఇన్నే అని పెట్టే కోర్సులున్నాయి.

మీ కోడ్‌ని మొదట చూసేది ఆటోగ్రేడర్. అది ప్రోగ్రామ్‌కి ఇన్‌పుట్ ఇచ్చి, వచ్చిన అవుట్‌పుట్‌ని తన దగ్గరున్న జవాబుతో పోల్చుతుంది. చాలాచోట్ల ఈ పోలిక అక్షరం అక్షరం జరుగుతుంది. మన సీ ల్యాబ్‌లలో స్కాన్‌ఎఫ్‌కి ముందు “రెండు నంబర్లు ఎంటర్ చేయండి” అని ప్రింట్ చేయడం అందరికీ అలవాటు. ఆటోగ్రేడర్ ఎదురుచూసేది ఇలా ఉందనుకోండి:

మొత్తం: 15

మీ ప్రోగ్రామ్ ఇచ్చింది ఇలా ఉంది:

రెండు నంబర్లు ఎంటర్ చేయండి: మొత్తం: 15

లెక్క తప్పు లేదు, కానీ టెస్టులన్నీ ఫెయిల్. ప్రశ్నలో అడగని ఒక్క అక్షరం కూడా ప్రింట్ చేయకండి. డీబగ్గింగ్ కోసం పెట్టుకున్న ప్రింట్ లైన్లు సబ్మిట్ చేసే ముందు తీసేయండి, లేదా ఎర్రర్ స్ట్రీమ్‌కి పంపండి.

మిగతా సున్నాలు కూడా ఇలాంటి వాటివల్లే వస్తాయి. ఫంక్షన్ పేరు వాళ్ళిచ్చినట్టు కాకుండా మీకు నచ్చినట్టు మార్చడం. ఫైళ్ళను జిప్ చేయమంటే ఫోల్డర్‌ని జిప్ చేయడం: తెరిస్తే లోపల ఇంకో ఫోల్డర్ ఉంటుంది, గ్రేడర్‌కి ఫైల్ దొరకదు. డేటా ఫైల్‌ని మీ ల్యాప్‌టాప్‌లోని పూర్తి పాత్‌తో తెరవడం: ఆ పాత్ మీ మెషీన్‌లో తప్ప ఎక్కడా ఉండదు. విండోస్‌లో రాసిన షెల్ స్క్రిప్ట్‌లో ప్రతి లైను చివరా అదనపు క్యారేజ్ రిటర్న్ ఉండిపోవడం: లినక్స్‌లో అది నడవదు, ఎందుకు నడవట్లేదో కంటికి కనిపించదు. అసైన్‌మెంట్ గడువు రాత్రి 11:59 అయితే ఇవన్నీ బయటపడేది 11:50కి. మొదటి రోజే ఖాళీ కోడ్ పెట్టి చూడమనేది అందుకే.

కనిపించే టెస్టులన్నీ పాసయ్యాయని నిద్రపోకండి. దాచిన టెస్టులు ఉంటాయి, మార్కుల్లో వాటి వాటా పెద్దదే కావొచ్చు. ఖాళీ ఇన్‌పుట్, ఒకే ఎలిమెంట్, అన్నీ సమానమైన విలువలు, నెగెటివ్ సంఖ్యలు, చాలా పెద్ద ఇన్‌పుట్: కనీసం ఈ ఐదు మీరే రాసుకుని పరీక్షించండి. పెద్ద ఇన్‌పుట్‌కి టైమవుట్ వస్తోందంటే తప్పు సింటాక్స్‌లో ఉండదు. లూప్ లోపల లూప్ ఎక్కడుందో, దాన్ని తీయొచ్చో లేదో చూడండి.

ఇంకో అలవాటు చేసుకోండి: చిన్న ముక్క పనిచేసిన ప్రతిసారీ గిట్‌లో (కోడ్ మార్పుల చరిత్ర దాచే టూల్) కమిట్ చేయండి, అంటే అప్పటి ప్రతిని భద్రం చేయండి. పాడైతే వెనక్కి వెళ్ళొచ్చు. అంతకు మించి, ఈ కోడ్ మీరే అంచెలంచెలుగా రాశారనడానికి తేదీలతో సహా రుజువు మిగులుతుంది. రిపాజిటరీని (ఆ కోడ్ అంతా ఉండే చోటు) తప్పనిసరిగా ప్రైవేట్‌గా ఉంచండి. కోర్సు అయిపోయాక ఉద్యోగాల కోసమని అసైన్‌మెంట్ పరిష్కారాలను పబ్లిక్‌గా పెట్టడం కూడా చాలా కోర్సుల్లో రూల్ ఉల్లంఘనే. వచ్చే ఏడాది ఎవరో దాన్ని కాపీ కొడితే పిలుపు మీకూ రావచ్చు.

ఆలస్యమైతే

రెండు పద్ధతులు ఎక్కువగా కనిపిస్తాయి. ఒకటి, రోజుకి ఇంత శాతం కోత. రెండోది, సెమిస్టర్ మొత్తానికి కొన్ని లేట్ డేలు ఇచ్చి, ఎవర్నీ అడక్కుండా వాడుకోనివ్వడం. లేట్ డేని సాధారణంగా ముక్కలు చేయరు. ఐదు నిమిషాలు ఆలస్యమైనా ఒక రోజు మొత్తం ఖర్చయినట్టే. గ్రూప్ ప్రాజెక్ట్‌లో సభ్యులందరి దగ్గరా లేట్ డే పోతుందో, ఒక్కరి దగ్గరే పోతుందో కనుక్కోండి. చివరి ప్రాజెక్ట్‌కి అసలు చెల్లవనే కోర్సులు కూడా ఉన్నాయి.

రోజుకి 10 శాతం కోత ఉన్న కోర్సులో, గడువు సమయానికి మీ కోడ్‌కి 88 వస్తోందనుకోండి. ఇంకో రోజు కూర్చుని 100 చేసినా కోత పోగా చేతికొచ్చేది 90. రెండు మార్కుల కోసం ఒక రోజు పోయింది, తర్వాతి అసైన్‌మెంట్ ఒక రోజు వెనకబడింది. ఉన్నది ఉన్నట్టు పెట్టేయండి. అదే 40 దగ్గర ఆగిపోయి ఉంటే ఆ రోజు వాడుకోవడమే లాభం. లేట్ డేలు ఇచ్చే కోర్సులో మొదటి రెండు అసైన్‌మెంట్లకే వాటిని కాల్చేయకండి. కష్టమైనవి అక్టోబర్, నవంబర్‌లలో వస్తాయి, జ్వరాలూ అప్పుడే వస్తాయి.

ఆరోగ్యం బాగోకపోయినా, ఇంట్లో ఏదైనా జరిగినా గడువు దాటకముందే ఒక రెండు లైన్ల మెయిల్ పెట్టండి. వివరాలు, కాగితాలు తర్వాత ఇవ్వొచ్చు. చాలా యూనివర్సిటీల్లో డీన్ ఆఫ్ స్టూడెంట్స్ ఆఫీసు ఇలాంటి సందర్భాల్లో ప్రొఫెసర్లందరికీ కలిపి సమాచారం పంపుతుంది. వైకల్యం వల్ల పరీక్షల్లో అదనపు సమయం కావాల్సినవాళ్ళు డిజబిలిటీ సర్వీసెస్ నుంచి లెటర్ తెచ్చి సెమిస్టర్ మొదట్లోనే ఇవ్వాలి. అయిపోయిన పరీక్షకు అది సాధారణంగా వర్తించదు.

ఎవరితో ఎంతవరకు

ఈ భాగాన్ని తీరిగ్గా చదవండి. మన కాలేజీల్లో సీనియర్ రికార్డ్ చూసి రికార్డ్ రాయడం, ల్యాబ్‌లో పక్కవాడి ప్రోగ్రామ్ ఎక్కించుకోవడం తప్పుగా ఎవరూ చూడరు. అక్కడ అదే పని అకడమిక్ ఇంటిగ్రిటీ కేసు. ఒకే అపార్ట్‌మెంట్‌లో నలుగురైదుగురు తెలుగువాళ్ళు, వాళ్ళలో ముగ్గురు ఒకే కోర్సులో ఉండటం మామూలే కాబట్టి ప్రమాదం ఇంట్లోనే ఉంటుంది.

చాలా కోర్సుల్లో గీత ఇలా ఉంటుంది. ప్రశ్న అర్థం ఏమిటో, ఏ డేటా స్ట్రక్చర్ సరిపోతుందో బోర్డు మీద బొమ్మలు గీసి మాట్లాడుకోవచ్చు. అవతలివాళ్ళ కోడ్ చూడకూడదు, మీది చూపించకూడదు. స్క్రీన్ షేర్ చేసినా, వాట్సాప్‌లో ఫొటో పెట్టినా, లైను లైను నోటితో చెప్పినా చూపించినట్టే. తీసుకున్నవాళ్ళకి ఎంత శిక్షో ఇచ్చినవాళ్ళకీ అంతే పడొచ్చు. “రేపు డెడ్‌లైన్ రా, ఒక్కసారి పంపు, ఐడియా కోసమే” అని రూమ్మేట్ అడిగితే ఫైల్ పంపకండి. పక్కన కూర్చుని వాళ్ళ ఎర్రర్ మెసేజ్ ఏం చెబుతోందో వివరించడానికి మీ కోర్సు ఒప్పుకుంటే అంతవరకే సాయం చేయండి. చర్చించుకున్నాక కాగితాలు, ఫొటోలు ఏవీ తెచ్చుకోకుండా విడిపోయి, కాస్త విరామం ఇచ్చి, ఎవరికి వాళ్ళు మొదటి నుంచి రాసుకోవడం మంచి పద్ధతి. ఎవరితో చర్చించారో వాళ్ళ పేరు ఫైల్ మొదట్లో కామెంట్‌గా రాయండి.

పేర్లు మారిస్తే దొరకదన్న నమ్మకం ఒకటి మనవాళ్ళలో బలంగా ఉంది. దొరుకుతుంది, ఎలాగో చూడండి. అలెక్స్ ఐకెన్ 1994లో తయారుచేసిన మాస్ అనే ప్రోగ్రామ్‌ను టీచర్లు ఇప్పటికీ వాడుతున్నారు. అది ముందు ఖాళీలను, కామెంట్లను పక్కన పెడుతుంది. వేరియబుల్ పేర్లను కూడా లెక్కలోకి తీసుకోదు. మిగిలిన కోడ్‌ని ఒకదానిమీదొకటి పడే చిన్న చిన్న ముక్కలుగా కోసి, ప్రతి ముక్కనీ ఒక సంఖ్యగా మారుస్తుంది. వాటిలో కొన్నింటిని ఒక క్రమం ప్రకారం ఏరి ఆ కోడ్‌కి వేలిముద్రలుగా దాచుకుంటుంది. ఇలా ఏరే పద్ధతిని ఐకెన్, మరో ఇద్దరు 2003లో ఒక పరిశోధనా పత్రంలో వివరించారు. రెండు కోడ్‌లలో ఒకే వేలిముద్రలు ఎక్కువగా కనిపిస్తే ఆ జంట జాబితాలో పైకి వస్తుంది. ఫంక్షన్ల వరస మార్చినా ముక్కలు అవే కాబట్టి పెద్దగా తేడా రాదు. అందరికీ ఇచ్చిన స్టార్టర్ కోడ్‌ని లెక్కలోంచి తీసేయమని టీచర్ ముందే చెప్పొచ్చు. పాత సంవత్సరాల సబ్మిషన్లనూ, నెట్‌లో దొరికే పరిష్కారాలనూ కలిపి పోల్చొచ్చు. సీనియర్ల గూగుల్ డ్రైవ్ ఫోల్డర్ నుంచి తెచ్చుకున్నది పట్టుబడేది అలాగే. మాస్ తీర్పు చెప్పదు, అనుమానించదగ్గ జంటల్ని చూపిస్తుంది. తర్వాత మనిషి కూర్చుని రెండు కోడ్‌లనూ పక్కపక్కన పెట్టి చదువుతారు. అదే అనవసరమైన వేరియబుల్, అదే తప్పు రెండు చోట్లా ఉంటే అప్పుడు కాకతాళీయం అన్న మాట నిలబడదు.

నోటీసు వస్తే పట్టించుకోకుండా ఉండటం అన్నిటికన్నా పెద్ద తప్పు. జవాబివ్వడానికి గడువు ఉంటుంది, అది దాటితే మీ మాట వినకుండానే నిర్ణయం జరిగిపోవచ్చు. గిట్ చరిత్ర, గ్రేడ్‌స్కోప్‌లోని పాత సబ్మిషన్లు, ఎడిటర్ దాచిన పాత ప్రతులు అన్నీ భద్రం చేయండి, ఏదీ చెరిపేయకండి. స్నేహితులంతా కూర్చుని ఒకే కథ అల్లుకోకండి. తప్పు చేయకపోతే ఆధారాలు చూపించండి, చేస్తే ఒప్పుకోండి. అబద్ధం బయటపడితే అది ఇంకో ఉల్లంఘనగా తోడవుతుంది. శిక్ష ఆ అసైన్‌మెంట్‌కి సున్నా దగ్గర మొదలై, కోర్సులో ఎఫ్, సస్పెన్షన్ దాకా ఉండొచ్చు. సస్పెండ్ అయితే క్లాసుల్లో నమోదు ఉండదు. నమోదు లేకపోతే ఎఫ్-1 హోదా నిలబడదు. నోటీసు వచ్చిన రోజే ఇంటర్నేషనల్ ఆఫీసు‌లో మీ వీసా పరిస్థితి ఏమిటో కనుక్కోండి.

చేసిన తప్పుని ముందుగా చెప్పుకునే అవకాశం కొన్ని కోర్సులు ఇస్తాయి. హార్వర్డ్‌లోని సీఎస్50 అనే పరిచయ కోర్సులో 2014 నుంచి ఒక నిబంధన ఉంది: రూల్ మీరిన విద్యార్థి 72 గంటల్లోపు తనంతట తాను వచ్చి చెబితే, శిక్ష కోర్సు లోపలే ముగుస్తుంది, మామూలుగా పైకి పంపరు. మీ సిలబస్‌లో ఇలాంటిది ఉందేమో చూసి పెట్టుకోండి.

ఏఐ సంగతి

ఇక్కడ ఊహించకండి. ఒక కోర్సు పూర్తిగా నిషేధిస్తుంది, ఇంకోటి కాన్సెప్ట్ అర్థం చేసుకోవడానికి వాడుకోమంటుంది, మరోటి ఏదైనా వాడి ఏం వాడారో రాయమంటుంది. నిషేధం ఉన్న కోర్సులో మొదటి పని మీ ఎడిటర్‌లో కోడ్ రాసిపెట్టే ఏఐ టూల్ కోపైలట్‌ని ఆపేయడం. విద్యార్థులకిచ్చే స్టూడెంట్ ప్యాక్‌తో ఒకసారి తెచ్చుకున్నాక అది అడక్కుండానే లైన్లు నింపుతూ ఉంటుంది, మీరు ట్యాబ్ నొక్కిన సంగతి మీకే గుర్తుండదు.

వాడొచ్చన్న కోర్సులో కామెంట్ ఇలా పెట్టండి: “అక్టోబర్ 3న చాట్‌జీపీటీని హీప్‌లో ఎలిమెంట్ తీసేయడం గురించి అడిగాను. పేరెంట్ ఇండెక్స్ లెక్క అక్కడిది, మిగతా ఫంక్షన్ నేను రాశాను.” ఏ టూల్, ఎప్పుడు, ఏం అడిగారు, ఏం తీసుకున్నారు: ఈ నాలుగూ ఉండాలి. సబ్మిట్ చేసే ముందు ప్రతి ఫంక్షన్‌నీ పైకి వివరించి చూసుకోండి. టీఏ (టీచింగ్ అసిస్టెంట్) ఎదురుగా కూర్చోబెట్టి “ఈ లైను తీసేస్తే ఏమవుతుంది?” అని అడిగే కోర్సులు ఉన్నాయి. జవాబు రాకపోతే కోడ్ ఎంత బాగా నడిచినా మార్కులు నిలవవు.

అడగడం

ఆఫీస్ అవర్స్ అంటే మీలాంటివాళ్ళ కోసమే కేటాయించిన సమయం, వెళ్తే ఇబ్బంది పెట్టినట్టు కాదు. మనవాళ్ళు మొహమాటపడి వెళ్ళరు, వెళ్తే గడువు రోజు వెళ్తారు. ఆ రోజు క్యూలో మీ వంతు వచ్చేసరికి సమయం అయిపోతుంది. అసైన్‌మెంట్ వచ్చిన మూడు నాలుగు రోజుల్లో వెళ్తే టీఏ తీరిగ్గా కూర్చుంటారు.

“సర్, కోడ్ పనిచేయట్లేదు” అంటే సాయం దొరకదు. ఏ ఇన్‌పుట్ ఇచ్చారు, ఏం రావాలి, ఏం వచ్చింది, ఇప్పటికి ఏమేం ప్రయత్నించారు అని చెప్పండి. తప్పు చూపించే అతి చిన్న ఇన్‌పుట్ వెతికి తీసుకెళ్ళండి. వెతుకుతుండగానే తప్పు దొరికేయడం చాలాసార్లు జరుగుతుంది. కోర్సు చర్చల కోసం వాడే పియాజాలోనో, ఎడ్‌లోనో రాస్తే, కోడ్ ఉన్న ప్రశ్నని ప్రైవేట్‌గా పెట్టండి. అందరికీ కనిపించేలా పెడితే కోడ్ పంచినట్టవుతుంది.

మెయిల్ అయితే యూనివర్సిటీ ఐడీ నుంచే పంపండి. విద్యార్థుల రికార్డుల గోప్యతకి 1974 నాటి ఫెర్పా చట్టం ఉంది, జీమెయిల్‌కి మార్కుల గురించి జవాబివ్వడానికి చాలామంది ఒప్పుకోరు. ఇంటి నుంచి నాన్నగారు ఫోన్ చేసినా అంతే, మీ రాతపూర్వక అనుమతి లేకుండా సాధారణంగా ఏమీ చెప్పరు. సబ్జెక్ట్ లైనులో కోర్సు నంబర్, సెక్షన్, అసైన్‌మెంట్ పేరు రాయండి. “రెస్పెక్టెడ్ సర్” అక్కర్లేదు. “ప్రొఫెసర్” అని ఇంటిపేరు రాసి, రెండో వాక్యంలో విషయానికి వచ్చేయండి.

మార్కులు, ఉపసంహరణ

మార్కులు తప్పు పడ్డాయనిపిస్తే రీగ్రేడ్ రిక్వెస్ట్ పెట్టండి. మార్కులు వచ్చాక వారం రోజులు గడువివ్వడం ఎక్కువగా కనిపిస్తుంది. రూబ్రిక్‌లో (దేనికి ఎన్ని మార్కులో చెప్పే పట్టిక) ఏ అంశం మీ జవాబుకి వర్తిస్తుందో చూపించి రాయండి. కొన్ని కోర్సుల్లో మొత్తం ప్రశ్నని మళ్ళీ దిద్దుతారు, మార్కులు తగ్గే అవకాశమూ ఉంది. “రెండు మార్కులు వేస్తే ఏ వస్తుంది” అన్న విన్నపం పనిచేయదు, చెడ్డ పేరు మాత్రం మిగులుతుంది. ఎమ్మెస్‌లో చాలాచోట్ల జీపీఏ 3.0 కన్నా తగ్గితే అకడమిక్ ప్రొబేషన్ (మార్కులు పెంచుకోమని హెచ్చరించే దశ). అంటే సగటున బి ఉండాలి. ఒక సి వస్తే దాన్ని లాగడానికి ఇంకోచోట ఏ కావాలి.

మిడ్‌టర్మ్ తర్వాత లెక్క వేసి చూడండి. మిగిలినవాటన్నిటిలో మీకు మామూలుగా వచ్చే మార్కులు వేసుకున్నా బి రాదని తేలితే డబ్ల్యూతో (గ్రేడ్ బదులు పడే ‘విత్‌డ్రా’ గుర్తు) కోర్సు వదులుకోవడం మంచిదే, ఆ గడువు అకడమిక్ క్యాలెండర్‌లో ఉంటుంది. కానీ చాలా యూనివర్సిటీల్లో గ్రాడ్యుయేట్ విద్యార్థులకి ఫుల్‌టైమ్ అంటే ఫాల్, స్ప్రింగ్‌లలో 9 క్రెడిట్లు. మూడు కోర్సుల్లో ఒకటి వదిలితే ఆరే మిగులుతాయి. ముందుగా డీఎస్‌ఓ (ఇంటర్నేషనల్ ఆఫీసులో వీసా వ్యవహారాలు చూసే అధికారి) అనుమతి లేకుండా అలా తగ్గితే వీసా హోదా పోతుంది. అమెరికా బోధనా పద్ధతికి కొత్త కావడం, స్థాయికి సరిపోని కోర్సులో చేరడం లాంటి చదువు ఇబ్బందులకి తక్కువ క్రెడిట్లకి అనుమతి ఇచ్చే వీలుంది, అది ఒక డిగ్రీ స్థాయిలో ఒక్క సెమిస్టర్‌కే. అప్పుడు కూడా కనీసం సగం లోడ్ ఉండాలి. కాబట్టి వరస తప్పకండి: ముందు అడ్వైజర్‌తో మాట్లాడండి, తర్వాత ఇంటర్నేషనల్ ఆఫీసులో దరఖాస్తు పెట్టండి, అనుమతి రాతపూర్వకంగా చేతికొచ్చాకే పోర్టల్‌లో డ్రాప్ బటన్ నొక్కండి.